గుండె బిగించడం సులువే, వదలడానికే తిప్పలు: కాల్షియం సంగతి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 58 ఏళ్లు, ఎకోలో ఈఎఫ్ (గుండె తనలోని రక్తంలో ఎంత వంతు పిండి పంపుతోందన్న లెక్క) 62 శాతం వచ్చింది, కింద మాత్రం 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్', అంటే గుండె వదులవడంలో మొదటి మెట్టు లోపం, అని రాశారు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, బీపీకి అమ్లోడిపిన్ 5, రోజూ ఒక కాల్షియం మాత్ర వేసుకుంటారు. 'గుండె కొట్టుకోవాలంటే కాల్షియం కావాలంటారు, అమ్లోడిపిన్ ఏమో కాల్షియాన్ని అడ్డుకునే మందంటారు, ఒకవైపు పోస్తూ ఇంకోవైపు మూత పెడుతున్నట్టు లేదా? గుండె సరిగా వదులవడం లేదంటే అసలు కాల్షియం తక్కువైందా, ఎక్కువైందా?' అని అడిగారు. చుట్టాల్లో ఎవరో కాల్షియం మాత్ర ఆపేయమన్నారని కూడా రాశారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, టెన్షన్ తగ్గుతుంది. ఒంట్లో కాల్షియం తక్కువైందనీ కాదు, ఎక్కువైందనీ కాదు. ప్రతి బీట్‌కీ గుండె కణంలో కాల్షియం ఒక్కసారి లేచి మళ్లీ పడిపోవాలి. ఆ పడిపోవడం కాస్త ఆలస్యమవుతోంది. మిగతాదంతా ఆ ఒక్క ముక్క వివరణే. నేను మెడికల్ కాలేజీలో ఇరవై రెండేళ్లు ఫిజియాలజీ చెప్పినదాన్ని, కార్డియాలజిస్టును కాను. కాబట్టి మందు మార్చడం, ఆపడం మీ డాక్టరుతోనే మాట్లాడండి. లోపల ఏం జరుగుతుందో మాత్రం నేను చెప్పగలను.

మా రోజుల్లో ఫస్టియర్ పిల్లలకు కప్ప గుండె ప్రాక్టికల్ ఉండేది. ఇప్పుడు అదంతా కంప్యూటర్ స్క్రీన్ మీదే, కప్పల ప్రాణానికి హాయి. అప్పట్లో మెల్లగా తిరిగే డ్రమ్ముకు కాగితం చుట్టి దీపం పొగ పట్టించేవాళ్లం, ఆ వాసన చీరకు పట్టి సాయంత్రం ఇంటికెళ్లినా వదిలేది కాదు. కప్ప గుండె కొసకు చిన్న కొక్కెం, దానికి దారం, దారానికి లివరు. గుండె ముడుచుకున్నప్పుడల్లా లివరు కదిలి నల్ల కాగితం మీద తెల్ల గీత గీస్తుంది. అలా పది పదిహేను మామూలు బీట్లు గీయించాక కాల్షియం క్లోరైడ్ చుక్క వేయమనేదాన్ని. వెంటనే గీతలు పొడుగవుతాయి. పిల్లలు అంతవరకు చూసి 'కాల్షియం వేస్తే గుండెకు బలం' అని రికార్డులో రాసేసుకుని క్యాంటీన్‌కు పోదామని లేచేవాళ్లు.

కూర్చోమనేదాన్ని. ఇంకో రెండు మూడు చుక్కలు పడ్డాక చూడాలి తమాషా. గీతల పైకొస ఎత్తుగానే ఉంటుంది, కింది కొస మాత్రం మెల్లగా పైకి జరగడం మొదలవుతుంది, అంటే గుండె బాగానే ముడుచుకుంటోంది కానీ పూర్తిగా వదలడం లేదు. బీటు బీటుకీ ఆ కింది కొస ఇంకాస్త, ఇంకాస్త పైకొచ్చి, చివరికి గుండె ముడుచుకున్న స్థితిలోనే బిగుసుకుని, పాలిపోయి, చిన్న గోలీకాయలా అయ్యి ఆగిపోతుంది. పొటాషియం క్లోరైడ్ వేస్తే దీనికి సరిగ్గా ఎదురు, గుండె పూర్తిగా వదులై ఉబ్బిపోయి ఆగుతుంది. రింగర్ ద్రావణంతో కడిగితే చాలాసార్లు మళ్లీ కదలిక వచ్చేది. మీ ప్రశ్నకు జవాబు ఆ పైకి జరిగిన కింది కొసలోనే ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి.

రింగర్ అన్నాను కదా, ఆయన పేరు మీకు తెలియకుండానే తెలుసు. హాస్పిటల్లో 'ఆర్ఎల్ ఎక్కించారు' అంటారే, రింగర్ లాక్టేట్, ఆ రింగరే. సిడ్నీ రింగర్, లండన్ డాక్టరు. 1882లో కప్ప గుండెను ఉప్పునీళ్లలో కొట్టుకునేలా చేశానని రాశాడు. తర్వాత అదే పని మళ్లీ చేస్తే గుండె కాసేపటికే నీరసపడి ఆగిపోయింది. ఏమిటా అని ఆరా తీస్తే, మొదటిసారి సహాయకుడు డిస్టిల్డ్ వాటర్‌కు బదులు కుళాయి నీళ్లతో ద్రావణం కలిపాడని తేలింది. లండన్ కుళాయి నీళ్లలో కాల్షియం ఉంది, డిస్టిల్డ్ వాటర్‌లో లేదు. 1883లో ఆయన దాన్ని సరిదిద్దుతూ ఇంకో పేపర్ రాశాడు. గుండె ముడుచుకోవడానికి బయటి కాల్షియం కావాలని లోకానికి అలా తెలిసింది, ఒక పనివాడి బద్ధకం పుణ్యమా అని.

ఇక కణం లోపలికి వెళ్దాం. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం లీటరుకు సుమారు 1.2 మిల్లీమోల్. గుండె కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు లోపలి ద్రవంలో ఉండేది దానిలో పదివేల వంతు మాత్రమే. బయట నిండు చెరువు, లోపల తడి కూడా లేని నేల, మధ్యలో గట్టు కణం పొర. ఇంత తేడా పెట్టుకుంది కాబట్టే కాసింత కాల్షియం లోపలికి జారినా కణానికి అది పెద్ద వార్త.

విద్యుత్ తరంగం వచ్చినప్పుడు ఆ పొరలో ఎల్-టైప్ చానల్ అనే గేట్లు తెరుచుకుంటాయి. కాస్త కాల్షియం లోపలికొస్తుంది. కండరం ముడుచుకోవడానికి అది చాలదు, దాని పని కబురు చెప్పడం వరకే. ఆ గేటుకు ఎదురుగా, వెంట్రుక మందాన్ని కొన్ని వేల ముక్కలు చేస్తే ఒక ముక్కంత దూరంలో, కణం తన సొంత కాల్షియం దాచుకున్న సంచి ఉంటుంది. పుస్తకాల్లో సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అని నోరు తిరగని పేరు, మనం సంచి అనే అనుకుందాం. ఆ సంచికి రయానోడిన్ రిసెప్టర్లు అనే తలుపులుంటాయి. వాటికి తాళంచెవి కూడా కాల్షియమే. బయటి నుంచి వచ్చిన కొంచెం కాల్షియం వెళ్లి తగలగానే అవి తెరుచుకుని లోపలి నిల్వ బయటపడుతుంది. మనుషుల గుండెలో ఒక బీట్‌కు కావలసిన కాల్షియంలో దాదాపు 70 శాతం ఈ సంచి నుంచే వస్తుంది, మిగతాది బయటి నుంచి.

కాలి కండరం, చేతి కండరం ఇలా చేయవు. అక్కడ పొర మీది గేటు, సంచి తలుపు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, గేటు కదిలితే తలుపు తెరుచుకుంటుంది, బయటి కాల్షియం రావలసిన పనే లేదు. అందుకే కాల్షియం లేని నీళ్లలో కప్ప కాలు చాలాసేపు తన్నుతుంది, గుండె కొద్దిసేపటికే ఆగుతుంది.

వ్యవసాయం ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక పిట్టకథ. వరిలో మొగి పురుగుకు కొరాజెన్ కొడతారు కదా. ఆ మందు పట్టేది పురుగు కండరాల్లోని ఈ రయానోడిన్ తలుపులనే. తలుపులు తెరిచి పట్టుకుంటుంది, సంచిలో కాల్షియం కారిపోతుంది, పురుగు నోరు ఆడించలేక మేత మానేసి చస్తుంది. మన తలుపుల తయారీ వేరు, ఆ మందు వాటికి చాలా తక్కువగా అతుక్కుంటుంది. అలాగని మూతికి గుడ్డ లేకుండా కొట్టమని నేను చెప్పడం లేదు.

సరే, ఒక సందేహం రావాలి మీకు. కాల్షియమే కాల్షియాన్ని వదిలిస్తే, వచ్చింది ఇంకొంచెం తెరిచి, అది మరికొంచెం తెరిచి, చిన్న కదలికకే మొత్తం సంచి ఖాళీ అయిపోవాలి కదా? చాలా ఏళ్లు శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు. 1993లో అమెరికాలో చెంగ్, లెడరర్, కానెల్ అనే ముగ్గురు ఎలుక గుండె కణాల్లో కాల్షియం తగిలితే వెలిగే రంగు నింపి మైక్రోస్కోప్ కింద చూశారు. నిశ్శబ్దంగా ఉన్న కణంలో అక్కడొకటి ఇక్కడొకటి నిప్పురవ్వల్లా మెరిసి ఆరిపోతున్నాయి. వాటికి కాల్షియం స్పార్క్ అని పేరు పెట్టారు. ఒక్కో రవ్వ ఒక్కో తలుపుల గుంపు. అంటే ఈ ఏర్పాటు ఒకటి అంటుకుంటే అన్నీ పేలిపోయే టపాకాయల సరం లాంటిది కాదు, వాకిట్లో దూరం దూరంగా పెట్టిన చిచ్చుబుడ్లు. మామూలుగా ఒకటి వెలిగితే పక్కది వెలగదు. విద్యుత్ తరంగం వచ్చి వేలకొద్దీ చిచ్చుబుడ్లను ఒకేసారి ముట్టిస్తేనే కణం అంతా వెలుగుతుంది, ఎన్ని వెలిగితే అంత బలంగా ముడుచుకుంటుంది.

బయటపడ్డ కాల్షియం వెళ్లి కూర్చునే పీట పేరు ట్రోపోనిన్. ఛాతీ నొప్పితో వెళ్తే ట్రోపోనిన్ టెస్ట్ రాస్తారే, ఆ కుటుంబమే. రక్తంలో చూసేది టి, ఐ అనే అన్నదమ్ముల్ని, కాల్షియం పట్టుకునేది సి అనేవాడు. కణం చచ్చి పగిలితే ఆ అన్నదమ్ములు రక్తంలోకి వస్తారు, అందుకే అది గుండెపోటు పరీక్ష అయింది. ఈ ట్రోపోనిన్‌ను కనిపెట్టింది 1960ల్లో జపాన్‌కు చెందిన సెట్సురో ఎబాషి బృందం. విశ్రాంతిలో, కండరంలోని యాక్టిన్ అనే పోగు మీద పట్టుకునే చోట్లను ట్రోపోమయోసిన్ అనే తాడు కప్పి ఉంచుతుంది. కాల్షియం కూర్చోగానే తాడు పక్కకు జరుగుతుంది, పక్కనున్న మయోసిన్ అనే పోగు తలలు వెళ్లి పట్టుకుని లాగుతాయి. అంతే, గుండె ముడుచుకుంది. ఈ భాగం ఏ ఇంటర్ పుస్తకంలోనైనా బొమ్మతో సహా దొరుకుతుంది, ఎక్కువ చెప్పను.

అసలు కథ ఇప్పుడు. ముడుచుకోవడం పనిగా, వదులవడం తీరికగా మనందరి బుర్రలో ఉండిపోయింది. పిడికిలి బిగించడం కష్టం, వదిలేయడం సుఖం కాబట్టి గుండె కూడా అంతే అనుకుంటాం. కాల్షియం వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. ఇంటి మీది వాటర్ ట్యాంకు ఉంది కదా, కుళాయి తిప్పితే నీళ్లు వాటంతటవే దిగుతాయి, కరెంటుతో పని లేదు. దిగిన నీళ్లను మళ్లీ పైకి ఎక్కించాలంటే మోటారు వేయాలి. సంచి నుంచి కాల్షియం బయటపడటం కుళాయి తిప్పడం లాంటిది. దాన్ని తిరిగి సంచిలోకి ఎక్కించే మోటారు పేరు సెర్కా. రెండు కాల్షియం అణువుల్ని ఎక్కించడానికి ఒక ఏటీపీ (కణం వాడుకునే ఇంధనం) ఖర్చు. నిమిషానికి 72 సార్లు, రోజుకు లక్ష సార్లకు పైగా, ప్రతి కణంలోనూ ఈ మోటారు తిరగాలి.

ఏటీపీ అనగానే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు, 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. గుండె వదులవడానికి కాల్చే ఇంధనం అదే. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తేవాళ్లు.

సెర్కా ఒక్కటే కాదు, కణం పొర మీద ఇంకో దారి ఉంది. మూడు సోడియాన్ని లోపలికి రానిచ్చి ఒక కాల్షియాన్ని బయటికి తోసే మార్పిడి యంత్రం. సుమారు 70 శాతం సెర్కా సంచిలోకి ఎక్కిస్తే, మిగతాదాంట్లో దాదాపు అంతా ఈ యంత్రం బయటికి పంపుతుంది. అంకెలు చూశారా, సంచి నుంచి వచ్చింది సంచికి, బయటి నుంచి వచ్చింది బయటికి. ప్రతి బీట్‌కూ జమా ఖర్చు సరిపోవాలి. కొంచెం తేడా పడినా అది పేరుకుంటుంది, కప్ప గీతలో కింది కొస పైకి జరిగింది అందుకే.

ఇంకో సంగతి, మయోసిన్ తల యాక్టిన్‌ను వదలాలన్నా ఏటీపీ వచ్చి అతుక్కోవాలి. అది లేకపోతే పట్టిన పట్టు వదలదు. చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెలా బిగుసుకుపోవడం దీనివల్లే. గుండె ఆపరేషన్లలో కూడా ఈ గతి పట్టేది. 1972లో హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ బృందం ఇలాంటి కేసులు రాశారు. ఆపరేషన్ కోసం రక్తం ఆపిన గుండె, మళ్లీ మొదలుపెట్టబోతే ముడుచుకున్న చోటే రాయిలా బిగుసుకుపోయింది, దానికి వాళ్లు 'స్టోన్ హార్ట్' అనే పేరు పెట్టారు. ఇప్పుడు గుండె ఆపరేషన్ ముందు చల్లటి పొటాషియం ద్రావణం పంపి గుండెను వదులైన స్థితిలో ఆపుతారు. మా డ్రమ్ము మీద పొటాషియం గీత గుర్తొచ్చిందా?

అందుకే గుండెకు రక్తం తగ్గితే, మోటారుకు ఓల్టేజి పడిపోయినట్టే, మొదట దెబ్బతినేది వదులవడం. ముడుచుకోవడం తర్వాత తగ్గుతుంది. వయసు, బీపీ, షుగర్ కూడా ఏళ్ల తరబడి ఇదే మోటారును నెమ్మది చేస్తాయి. మీ అమ్మగారి రిపోర్టులో 'ఈ/ఏ' (E/A) అని ఒక అంకె ఉంటుంది చూడండి. కింది గది చకచకా వదులైతే పైగది నుంచి రక్తం ఒక్కసారిగా జారుతుంది, అది 'ఈ' (E) అల. చివర్లో పైగది ముడుచుకుని మిగిలింది తోస్తుంది, అది 'ఏ' (A) అల. వదులవడం మందగిస్తే 'ఈ' అల చిన్నదై 'ఏ' అల పెద్దదవుతుంది. ఆ అంకె 0.8 దగ్గరో అంతకన్నా తక్కువో ఉంటే సాధారణంగా గ్రేడ్ 1 అని రాస్తారు. అరవైకి దగ్గరపడి బీపీ ఉన్నవాళ్ల ఎకోల్లో ఇది చాలా మామూలుగా కనిపించే మాట. ఒక్క మాట జాగ్రత్తగా చదవండి, ఎకో కాల్షియాన్ని కొలవదు, రక్తం ఎలా పారుతోందో చూస్తుంది. గోడ మందమైనా, కండరంలో నార పేరుకుని బిరుసెక్కినా నింపుకోవడం ఇబ్బందే. కాల్షియం మోటారు అందులో ఒక భాగం, అదొక్కటే అని నేను అనడం లేదు.

మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని కూడా గమనించండి. నిమిషానికి 72 ఉన్నప్పుడు రెండు బీట్ల మధ్య వ్యవధి 0.8 సెకను పైనే, అందులో సగం కన్నా ఎక్కువ నింపుకోవడానికే. 150కి వెళ్తే మొత్తం వ్యవధే 0.4 సెకను, కోత ఎక్కువగా పడేది ఈ నింపుకునే సమయానికే. మోటారు నెమ్మదైతే ట్యాంకు నిండకముందే మళ్లీ కుళాయి తిరుగుతుంది. కూర్చుంటే ఏమీ లేదు, మూడో అంతస్తుకు ఎక్కితే ఎగశ్వాస, ఈఎఫ్ మాత్రం 62 అనే చూపిస్తుంది. ఈఎఫ్ అనేది ఎంత బాగా పిండిందన్న లెక్క, ఎంత హాయిగా నిండిందన్నది అందులో తెలియదు.

మరి మామూలు మనిషి పరుగెత్తితే గుండె ఎలా తట్టుకుంటుంది? వైవాలో నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. 'అడ్రినలిన్ కాల్షియం పెంచుతుంది కదా, మరి గుండె త్వరగా ఎందుకు వదులవుతుంది?' నూటికి ఎనభై మంది నీళ్లు నమిలేవాళ్లు. సెర్కా మోటారు మీద ఫాస్ఫోలాంబన్ అనే చిన్న ప్రొటీన్ బ్రేకు వేసి కూర్చుని ఉంటుంది, 1970ల్లో తాడా, కాట్జ్ వాళ్ల బృందం దీన్ని బయటపెట్టింది. అడ్రినలిన్ వచ్చినప్పుడు బయటి గేట్లు ఎక్కువసేపు తెరుచుకుంటాయి, నిజమే, దాంతోపాటే ఈ బ్రేకు కూడా తీసేస్తుంది. ట్రోపోనిన్ కూడా కాల్షియాన్ని త్వరగా విడిచిపెట్టేలా మారుతుంది. ఎక్కువ వదిలి, ఇంకా వేగంగా ఎక్కించేస్తుంది. సంచి ముందుకన్నా నిండుగా ఉంటుంది కాబట్టి తర్వాతి బీటు ఇంకా గట్టిగా కొడుతుంది.

ఈ సంచి నిండటం మీరు మీ ఛాతీలోనే గమనించి ఉంటారు. రాత్రి పక్క మీద పడుకున్నాక 'ఒకసారి గుండె ఆగినట్టయి, తర్వాత దబ్బున కొట్టింది' అంటారే. ఒక బీటు వేళకు ముందే వచ్చేస్తుంది, అది బలహీనంగా ఉండి తెలియదు, ఎందుకంటే సంచి తలుపులు ఇంకా తేరుకోలేదు, గదిలో రక్తమూ నిండలేదు. దాని తర్వాత చిన్న విరామం. ఆ విరామంలో గది ఎక్కువ నిండుతుంది, సంచిలోనూ తలుపుల్లోనూ పూర్తి తయారీ జరిగిపోతుంది. అందుకే తర్వాతిది దబ్బున తగులుతుంది. మనల్ని భయపెట్టే ఆ దెబ్బ నిజానికి గుండె బాగా కొట్టిన బీటు. ఎప్పుడో ఒకసారి వస్తే సరే, తరచూ వస్తున్నా, కళ్లు తిరిగినా మాత్రం ఈసీజీ తీయించాలి.

ఇప్పుడు మీ అమ్లోడిపిన్. అది ఎల్-టైప్ గేట్ల మీదే పనిచేస్తుంది, అంతవరకు మీరు విన్నది నిజం. అయితే ఆ గేట్లు రక్తనాళాల గోడల్లోని కండరంలోనూ ఉంటాయి, అమ్లోడిపిన్‌కు మొగ్గు అటువైపే. ఆ నాళాల కణాల విద్యుత్ స్థితి వేరు, అక్కడి గేట్లు ఆ మందు పట్టుకోవడానికి వీలైన భంగిమలో ఎక్కువసేపు ఉంటాయి. గుండె కణం ప్రతి బీటు తర్వాత పూర్తిగా తేరుకుంటుంది కాబట్టి అక్కడ పట్టు దొరకదు. మామూలు డోసులో ఫలితం ఏమిటంటే నాళాలు వదులై బీపీ దిగుతుంది, గుండె బలం పెద్దగా తగ్గదు. ఇదే కుటుంబంలో వెరాపమిల్, డిల్టియాజెమ్ అనేవి గుండె మీద నేరుగా పనిచేస్తాయి, అందుకే ఈఎఫ్ బాగా పడిపోయినవాళ్లకు వాటిని ఇవ్వరు. బీపీ దిగితే గుండె తోయాల్సిన బరువు తగ్గుతుంది, కాలక్రమేణా గోడ మందం కూడా తగ్గొచ్చు, అంటే వదులవడానికి అది సాయమే. మీరు శత్రువనుకున్న మాత్ర మీవైపే ఉంది.

గేటు సన్నం చేయడం వేరు, చెరువులో నీటిమట్టం వేరు. కాల్షియం మాత్ర చెరువుకు సంబంధించింది, పైగా ఆ చెరువు మట్టాన్ని కాపలా కాసే పారాథైరాయిడ్ గ్రంథులు మెడలో ఉన్నాయి. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా ఎముక, కిడ్నీ, పేగు మూడింటినీ అవే ఆడిస్తాయి. మాత్ర వేసుకున్నంత మాత్రాన గుండె కణానికి ఆ సంగతి దాదాపు తెలియదు. ఆ పరిధి దాటితేనే గుండెకు తెలుస్తుంది. బాగా పడిపోతే ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి సాగుతుంది, బాగా పెరిగితే కుదించుకుపోతుంది. విటమిన్ డి బొత్తిగా లేని చంటిపిల్లల్లో కాల్షియం పడిపోయి గుండె వాచి నీరసపడటం, కాల్షియం, విటమిన్ డి ఇచ్చాక కోలుకోవడం పిల్లల డాక్టర్లకు తెలిసిన విషయం.

ఇంకో గందరగోళం కూడా తీసేస్తాను. సీటీలో 'కాల్షియం స్కోర్' అంటారే, అది రక్తనాళాల గోడలో కొవ్వు పూతతో పాటు గట్టిపడ్డ సున్నం. కణంలో లేచి పడే కాల్షియానికీ దానికీ పేరు ఒకటే, ఊరు వేరు. కాల్షియం మాత్రలు గుండెపోటు ముప్పును పెంచుతాయేమోనన్న వాదన 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణతో గట్టిగా మొదలైంది, తర్వాత వచ్చినవాటిలో కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. మీ చుట్టాలు విన్నది బహుశా అదే. ఆ గొడవ కూడా నాళాల గురించే, ముడుచుకోవడం వదులవడం గురించి కాదు. పాలు, పెరుగు, రాగిజావ దగ్గర ఆ గొడవ లేదు, అవి మానక్కర్లేదు.

గుండె నిజంగా ఫెయిలైనప్పుడు ఏమవుతుందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మోటారు కథ అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. సెర్కా తగ్గిపోతుంది, సంచి తలుపులు సరిగా మూసుకోక కారుతుంటాయి. నిల్వ తగ్గి ముడుచుకోవడం బలహీనపడుతుంది, విశ్రాంతిలో మిగిలిపోయే కాల్షియం వల్ల వదులవడమూ చెడుతుంది. అయితే మోటారునే పెంచేస్తే పోలా అని వైరస్‌తో సెర్కా జన్యువును గుండెలోకి పంపి చూశారు. చాలా ఆశపెట్టుకున్న ప్రయోగం, క్యూపిడ్ 2 అని. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి, డమ్మీ మందుకూ దానికీ తేడా తేలలేదు. ఎన్ని కణాల్లోకి ఆ జన్యువు చేరిందన్నదే అనుమానం. ఐడియా తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు, చేరవేసే బండే సరిపోలేదనుకుంటాను.

పాత మందు డిగాక్సిన్ మాత్రం దొడ్డిదారిన పనిచేస్తుంది. సోడియాన్ని బయటికి తోసే పంపును కాస్త ఆపుతుంది, లోపల సోడియం పెరిగి మార్పిడి యంత్రం మందగిస్తుంది, బయటికి పోవలసిన కాల్షియం కొంత సంచిలోకి చేరుతుంది. 1785లో విలియం వితరింగ్ అనే ఇంగ్లిష్ డాక్టరు ఫాక్స్‌గ్లవ్ మొక్క గురించి రాసిన పుస్తకంతో ఈ జాతి మందుల కథ మొదలైంది. మన పెరట్లో పచ్చగన్నేరు విషం గుండె లయను చెడగొట్టేదీ ఇదే పంపును పట్టుకునే. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఆ కాయలు కింద రాలకుండా చూసుకోండి.

ఇక మీ అమ్మగారి దగ్గరికి. మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. థైరాయిడ్ మాత్ర దేనికి, మామూలు హైపోథైరాయిడా, లేక ఎప్పుడైనా మెడకు ఆపరేషన్ చేసి థైరాయిడ్ తీసేశారా? ఆపరేషన్ అయి ఉంటే, దాని వెనకే అతుక్కుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు కూడా దెబ్బతిని ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ కాల్షియం మాత్ర ఎముకల కోసం కాదు, చెరువు మట్టాన్ని నిలబెట్టడానికి. దాన్ని చుట్టాల మాట మీద ఆపితే మూతి చుట్టూ తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం, గుండె లయ తేడా, అన్నీ వస్తాయి. పాత డిశ్చార్జ్ సమ్మరీ ఒకసారి వెతకండి. ఆపరేషన్ లేకపోతే కాల్షియం ఎంత, ఎన్నాళ్లు అన్నది రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూపించుకుని తీరిగ్గా డాక్టరునే అడగొచ్చు. ఈలోగా ఒకటి మాత్రం ఇవాళే మార్చుకోండి. పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటే కాల్షియం కూడా వేసేసుకుంటుంటే, కాల్షియం దాన్ని పేగులోనే పట్టేసి ఒంటికి ఎక్కనివ్వదు. రెండింటికీ కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం వేసుకుంటే సరిపోతుంది.